ఇన్సూరెన్స్ లేని బండి మీద హైదరాబాద్‌లో ఫిర్యాదు చేయడం ఎలా

రోడ్డెక్కే ప్రతి బండికీ కనీసం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టే ఇన్సూరెన్స్, ఉండి తీరాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షన్ చెప్పేది ఇదే. లేకుండా నడిపితే 196వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదంటే మూడు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. మళ్లీ పట్టుబడితే జరిమానా 4,000. ఈ అంకెలు 2019 సవరణతో వచ్చినవి. నడిపినవాళ్లకే కాదు, నడపమని బండి ఇచ్చిన ఓనర్‌కూ ఇదే శిక్ష.

అయితే స్టేషన్‌కు వెళ్లి "ఫలానా నంబర్ బండికి ఇన్సూరెన్స్ లేదు సార్" అని నోటిమాటగా చెబితే పని జరగదు. ఏ రోడ్డు మీద, ఏ తేదీన, ఎన్ని గంటలకు ఆ బండి తిరిగిందో చెప్పగలిగితేనే పోలీసుల చేతికి ఏదైనా దొరుకుతుంది. ఇక ఆ బండి మిమ్మల్నో మీవాళ్లనో గుద్దిందంటే విషయం జరిమానాతో ఆగదు. ఆసుపత్రి ఖర్చు, నష్టపరిహారం ఎవరు కట్టాలన్నదే అసలు ప్రశ్న అవుతుంది. ఇవి రెండూ వేరువేరు పనులు, వేరువేరు స్టేషన్లు. రెండోదాంట్లో పొరపాటు జరిగితే ఒక కుటుంబం ఏళ్ల తరబడి నష్టపోతుంది కాబట్టి దాని గురించే ఇక్కడ ఎక్కువ ఉంటుంది.

ముందు, ఇన్సూరెన్స్ లేదన్నది ఖాయం చేసుకోండి

ఫోన్‌లో కేంద్ర ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్ వేసుకుని బండి నంబర్ కొడితే ఆర్సీ వివరాలతో పాటు ఇన్సూరెన్స్ ఏ తేదీ వరకు ఉందో కనిపిస్తుంది. ఓనర్ పేరు సగం అక్షరాలే చూపిస్తుంది; మీకు కావాల్సింది పేరు కాదు, తేదీ. ఆ స్క్రీన్‌ను తేదీ, టైము పడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఇక్కడ మన రాష్ట్రానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. తెలంగాణ బండ్ల వివరాలు చాలా ఏళ్లు రవాణా శాఖ సొంత వ్యవస్థలోనే ఉన్నాయి, ఆ యాప్‌కు వివరాలు అందించే కేంద్రం రికార్డు 'వాహన్‌'లో కలవలేదు. అందువల్ల యాప్‌లో "వివరాలు లేవు" అని వస్తే ఇన్సూరెన్స్ లేదని కాదు, రికార్డు అక్కడ లేదని మాత్రమే. ఫలానా తేదీతో గడువు అయిపోయిందని స్పష్టంగా చూపిస్తేనే దాన్ని అనుమానంగా తీసుకోండి. అప్పుడు కూడా నిన్నమొన్న రెన్యువల్ చేయించి ఉంటే కంపెనీ నుంచి సమాచారం ఎక్కడానికి ఆలస్యం కావచ్చు. అందుకే ఫిర్యాదులో "ఇన్సూరెన్స్ లేదు" అని కాకుండా "ఫలానా రోజు చూసినప్పుడు గడువు ముగిసినట్లు చూపింది, పరిశీలించగలరు" అని రాయండి. ఈ ఒక్క మాట తేడా మిమ్మల్ని కాపాడుతుంది. తెలిసి తెలిసి తప్పుడు సమాచారమిచ్చి ఒకరిని ఇబ్బంది పెట్టడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 217వ సెక్షన్ కింద నేరం.

నంబర్ సరిగ్గా చదవడం కూడా చిన్న విషయమేమీ కాదు. సిటీలో మూడు రకాల ప్లేట్లు తిరుగుతున్నాయి: 2014కు ముందువి ఏపీ 09 నుంచి 13 వరకు, శివార్లవైతే ఏపీ 28, 29, ఆ తర్వాతివి టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. టీఎస్ 09కు బదులు టీజీ 09 అని కొడితే వేరే బండి వివరాలు వస్తాయి. రోడ్డు మీద కళ్లముందు నల్ల స్కూటీ ఉంటే యాప్‌లో కారు వివరాలు వచ్చాయనుకోండి, మొదట నంబర్ మళ్లీ చూసుకోండి. సరిగ్గానే కొట్టారంటే అది దొంగ నంబర్ ప్లేటు కావచ్చు. ఇన్సూరెన్స్ కంటే అదే పెద్ద విషయం, ఫిర్యాదులో మొదట అదే రాయాలి.

ఇన్సూరెన్స్ లేనట్టు కనిపించినా నేరం కాని సందర్భాలు కొన్ని ఉన్నాయి. వీటి మీద ఫిర్యాదు చేస్తే మీ మాటకు విలువ తగ్గుతుంది.

ఆర్టీసీ బస్సులు, సొంత పనికి వాడే ప్రభుత్వ వాహనాలకు చట్టమే మినహాయింపు ఇచ్చింది. ఆర్టీసీ లాంటి సంస్థలు నష్టపరిహారం కోసం సొంత నిధి పెట్టుకుని ఈ మినహాయింపు తీసుకోవచ్చు. ఆర్టీసీ బస్సు గుద్దితే బాధ్యత సంస్థదే, అడగాల్సింది దాన్నే.

గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్లకు మించని చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్లు చట్టం దృష్టిలో మోటారు వాహనాలే కావు. వాటికి నంబర్ ప్లేటూ ఉండదు, ఇన్సూరెన్సూ అక్కర్లేదు. అంతకంటే వేగంగా పోయే ఎలక్ట్రిక్ బండ్లకు ఆకుపచ్చ ప్లేటు, ఇన్సూరెన్స్ రెండూ తప్పనిసరి.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండికి పాలసీ పాత ఓనర్ పేరు మీదే ఉండొచ్చు. 157వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ కవర్ బండితో పాటే కొత్త ఓనర్‌కు బదిలీ అయినట్టు లెక్క. పేరు మారలేదంటే ఇన్సూరెన్స్ లేదని కాదు.

2018 సెప్టెంబర్ నుంచి కొత్త బైకులకు ఐదేళ్లు, కార్లకు మూడేళ్లు థర్డ్ పార్టీ ఒకేసారి తీసుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఓన్ డ్యామేజ్, అంటే సొంత బండి రిపేరుకు వచ్చే కవర్, మాత్రం ఏడాదికే ముగిసిపోవచ్చు. అది అయిపోయినా థర్డ్ పార్టీ నడుస్తుంటే తప్పు లేదు. దీనికి రెండో వైపు కూడా ఉంది: షోరూమ్‌లో "ఐదేళ్లు ఇన్సూరెన్స్ ఉంది" అని విని, ఐదేళ్లు ఎప్పుడు నిండాయో పట్టించుకోని బైకులు సిటీ నిండా ఉన్నాయి. మీ బండి కూడా అందులో ఉందేమో ముందు చూసుకోండి. 75 నుంచి 150 సీసీ మధ్య బైకుకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ నుంచి 714 రూపాయలు, జీఎస్టీ అదనం. జరిమానాలో సగం కూడా లేదు.

చివరిది, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దుమ్ము పట్టి నిలబడ్డ బండి. చట్టం మాట్లాడేది పబ్లిక్ ప్లేస్‌లో వాడే బండి గురించి. సెల్లార్‌లో ఉన్నంతకాలం అది అసోసియేషన్ విషయం, పోలీసులది కాదు.

ప్రమాదం జరగనప్పుడు ఎవరికి చెప్పాలి

మీ వీధిలో రోజూ తిరిగే బండి, పిల్లల్ని స్కూలుకు తీసుకెళ్లే ఆటో, సైట్ దగ్గర తిరిగే టిప్పర్ లాంటివైతే ట్రాఫిక్ పోలీసులకు చెప్పాలి. మీ ఏరియా హైదరాబాద్ కమిషనరేట్‌లో ఉందా, సైబరాబాద్‌లోనా, పక్కదానిలోనా అని ముందు చూసుకోండి. మాదాపూర్ విషయం హైదరాబాద్ ట్రాఫిక్ వాళ్లకు పంపితే అది చేతులు మారేసరికి రోజులు గడిచిపోతాయి. తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్‌లో ఉల్లంఘనలు తెలిపే విభాగం ఉంది. ఫొటో, స్థలం పెట్టి పంపొచ్చు. ఎక్స్‌లో ట్రాఫిక్ పోలీసుల అధికారిక ఖాతాకు కూడా పంపొచ్చు గానీ అందరికీ కనిపించేలా నంబర్, మనిషి మొహం పెట్టకండి. నేరుగా సందేశం పంపండి.

పనికొచ్చే ఫిర్యాదుకు ఇవి కావాలి:

1. బండి వెనక నంబర్ ప్లేటు స్పష్టంగా పడిన ఫొటో. బండి రోడ్డు మీద ఉన్నట్టు చుట్టూ ఒక షాపు బోర్డో, మెట్రో పిల్లరో, సిగ్నలో కనిపించాలి. మెట్రో పిల్లర్ నంబర్ పడిందంటే స్థలం గురించి ఇక సందేహమే ఉండదు.
2. తేదీ, టైము. ఫోన్‌లో తీసిన అసలు ఫొటోను దాచి పెట్టుకోండి. వాట్సాప్‌లో పంపితే లోపల ఉండే తేదీ, స్థలం సమాచారం పోతుంది.
3. ఆ బండి మళ్లీ ఎక్కడ, ఏ వేళకు దొరుకుతుందో. "రోజూ ఉదయం 8 నుంచి 8:30 మధ్య ఫలానా స్కూల్ గేటు ముందు" అని రాస్తే కానిస్టేబుల్ వెళ్లి ఆపగలడు. అన్నిటికంటే ఫలితమిచ్చే వాక్యం ఇదే.
4. గడువు ముగిసినట్లు చూపే స్క్రీన్‌షాట్.

ఫొటో చూసి చలానా వేయాలంటే తప్పు ఫొటోలో కనిపించాలి. హెల్మెట్ లేకపోవడం, ట్రిపుల్ రైడింగ్, ప్లేటు వంచేయడం కనిపిస్తాయి, ఇన్సూరెన్స్ కనిపించదు. దానికోసం బండిని ఆపి కాగితాలు అడగాలి, ఆ అధికారం 158వ సెక్షన్ కింద యూనిఫాంలో ఉన్న పోలీసుకు ఉంది. కాబట్టి అదే బండి కంటికి కనిపించే తప్పు కూడా చేస్తుంటే ఆ ఫొటో తప్పక జత చేయండి. చలానా వెంటనే పడుతుంది, ఆ నంబర్ వాళ్ల దృష్టిలోకి వస్తుంది.

ఆపినప్పుడు కాగితాలు చేతిలో లేకపోయినా, ఏడు రోజుల్లో స్టేషన్‌లో ఇన్సూరెన్స్ చూపిస్తే శిక్ష ఉండదని చట్టం వెసులుబాటు ఇచ్చింది. డిజిలాకర్‌లో చూపించినా చెల్లుతుంది. మీరు ఫిర్యాదు చేసిన రెండో రోజే ఏమీ జరగలేదనిపిస్తే కారణం ఇదీ కావచ్చు. అలాగే, ఇన్సూరెన్స్ లేదన్న ఒక్క కారణంతో బండి సీజ్ అయిపోతుందని ఆశ పెట్టుకోకండి. సీజ్ చేసే అధికారమిచ్చే 207వ సెక్షన్ రిజిస్ట్రేషన్, లైసెన్స్, పర్మిట్ లేని బండ్ల గురించి చెబుతుంది; ఇన్సూరెన్స్ ఆ జాబితాలో లేదు.

స్కూలు ఆటోలు, వ్యాన్లు, టిప్పర్ల లాంటి పసుపు ప్లేటు బండ్ల సంగతి ఆర్టీఏ (రవాణా శాఖ ఆఫీసు)కూ రాయండి. వాటికి ఫిట్‌నెస్, పర్మిట్ కూడా కావాలి. ఇన్సూరెన్స్ లేని బండికి ఇవీ లేకపోయే అవకాశం ఎక్కువ, అప్పుడు ఎంవీఐలకు (రవాణా శాఖ మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్లకు) సీజ్ చేసే వీలుంటుంది. పిల్లలెక్కే బండి అయితే స్కూలు యాజమాన్యానికి కూడా రాతపూర్వకంగా ఇవ్వండి. తోటి తల్లిదండ్రులు నలుగురు కలిసి సంతకాలు పెడితే మరీ మంచిది.

చేయకూడనివి రెండే. బండిని వెంబడించవద్దు. ఆపి తాళం లాక్కోవద్దు, ఆ అధికారం మీకు లేదు, గొడవైతే కేసు మీ మీదికే వస్తుంది.

గుద్దిన బండికి ఇన్సూరెన్స్ లేదంటే: మొదటి అరగంట

దెబ్బలు తగిలితే ముందు 108, ఆ వెంటనే 100 లేదా 112. ఓఆర్ఆర్ దాటి జాతీయ రహదారి మీద ఉంటే 1033. 100కు ఫోన్ చేయడం సాయం కోసమే కాదు, ప్రమాదం ఎన్ని గంటలకు జరిగిందో ప్రభుత్వ రికార్డులో నమోదవడానికి కూడా. ఆ టైము ఎందుకంత ముఖ్యమో చూడండి.

ఈ రోజుల్లో ఇన్సూరెన్స్ ఫోన్‌లో ఐదు నిమిషాల్లో వస్తుంది. సాయంత్రం 6 గంటలకు గుద్ది, 6:40కి పాలసీ తీసుకుని, స్టేషన్‌కు వచ్చి "ఇదిగో ఇన్సూరెన్స్ ఉంది" అని చూపించేవాళ్లు ఉన్నారు. తేదీ ఒకటే కాబట్టి పైకి సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ పాలసీ మీద కవర్ మొదలయ్యే గంట, నిమిషం రాసి ఉంటాయి. టైము రాసి ఉంటే కవర్ ఆ క్షణం నుంచే అని సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. కాబట్టి వాళ్లు పాలసీ చూపిస్తే "వ్యాలిడ్ ఫ్రమ్" అన్న చోట తేదీ పక్కనున్న టైము చదవండి, ఫొటో తీసుకోండి. మీ 100 కాల్ టైముతో పోల్చి చూస్తే అసలు సంగతి తేలిపోతుంది.

రెండో మోసం బండినో మనిషినో మార్చేయడం. ఇన్సూరెన్స్ లేని బండి స్థానంలో అన్నగారి బండి, లైసెన్స్ లేని కుర్రాడి స్థానంలో బాబాయి స్టేషన్‌లో ప్రత్యక్షమవుతారు. అందుకే ఘటనా స్థలంలోనే, బండ్లు పక్కకు తీయకముందే ఈ ఫొటోలు తీయండి, మీకు చేతకాకపోతే పక్కన ఉన్నవాళ్లను అడగండి:

రెండు బండ్లూ పడిన తీరు, దూరం నుంచి ఒకటి. నంబర్ ప్లేటు దగ్గరగా ఒకటి. గుద్దిన బండి పక్కన దాన్ని నడిపిన మనిషి ఒకటి. రోడ్డు మీద బ్రేకు గీతలు, పగిలిన అద్దాలు, రంగు అంటుకున్న చోటు. చుట్టూ ఉన్న షాపుల సీసీ కెమెరాలు ఏ వైపు చూస్తున్నాయో కూడా. ప్రైవేటు కెమెరాల్లో ఫుటేజీ కొద్ది రోజులకే చెరిగిపోతుంది. షాపు ఓనర్‌ను ఆ రోజే అడిగి పెట్టుకోండి, ఫిర్యాదులో ఆ షాపు పేరు రాసి ఫుటేజీ సేకరించమని కోరండి.

ఇక "మాట్లాడుకుందాం భాయ్, కేసులెందుకు" అనే మాట తప్పకుండా వస్తుంది. బంపర్‌కు గీత పడిందంతే, ఎవరికీ దెబ్బ తగల్లేదంటే మాట్లాడుకోవడంలో తప్పు లేదు. డబ్బు చేతికి కాకుండా యూపీఐలో, ఓనర్ లేదా నడిపినవాళ్ల ఖాతా నుంచే వేయించుకోండి. "ఫలానా తేదీ ఫలానా బండి తగిలినందుకు" అని నోట్‌లో రాయించండి. "రేపు మెకానిక్ దగ్గర చూసి ఇస్తా" అంటే ఒప్పుకోవద్దు. రేపు ఆ ఫోన్ స్విచాఫ్ వస్తుంది. దెబ్బలు తగిలితే మాత్రం, అవి ఎంత చిన్నగా కనిపించినా, అక్కడికక్కడ రాజీ వద్దు. తలకు తగిలిన దెబ్బ, మోకాలి లోపలి దెబ్బ మర్నాటికి గానీ బయటపడవు.

దారిన పోతూ ఇలాంటి ప్రమాదం చూసినవాళ్లకు ఒక మాట. గాయపడినవాళ్లను ఆసుపత్రికి చేర్చినంత మాత్రాన మిమ్మల్ని ఎవరూ ఆపి ఉంచకూడదు. పేరు చెప్పడం, సాక్షిగా ఉండటం మీ ఇష్టం. మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్, 2020 నిబంధనలు మీకు ఆ రక్షణ ఇచ్చాయి. మీ ఫోన్‌లో ఉన్న ఒక్క ఫొటో వాళ్ల బతుకు నిలబెట్టవచ్చు, దయచేసి ఇచ్చి వెళ్లండి.

ఆసుపత్రిలో చెప్పే మాట

ఉస్మానియా, గాంధీ, నిమ్స్, ప్రైవేటు, ఎక్కడికి వెళ్లినా రోడ్డు ప్రమాదమంటే క్యాజువాలిటీలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, పోలీసు కేసుకు పనికొచ్చే ఆసుపత్రి రికార్డు) రాస్తారు. అందులో "ఎలా జరిగింది" అన్న చోట రాసే ఒక్క వాక్యం తర్వాత కోర్టు దాకా వెంటాడుతుంది. కంగారులో తోడు వచ్చినవాళ్లు "బండి మీంచి పడ్డాడు" అంటారు. డాక్టరు "సెల్ఫ్ ఫాల్" అనో "స్కిడ్" అనో రాస్తారు. ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా అవతలివాళ్ల లాయరు ఆ కాగితమే చూపిస్తాడు. కాబట్టి "ఫలానా నంబర్ బండి గుద్దడం వల్ల" అని చెప్పండి, నంబర్ తెలియకపోతే "కారు గుద్దింది" అని అయినా రాయించండి. రాసింది చదివి వినిపించమని అడగండి.

గుద్దిన బండికి ఇన్సూరెన్స్ ఉన్నా లేకపోయినా, 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా, మనిషికి 1.5 లక్షల రూపాయల వరకు చికిత్సకు వీలుంది. పూర్తి చికిత్స పథకంలో నమోదైన ఆసుపత్రుల్లోనే; మిగతా చోట్ల పరిస్థితి నిలకడకు తెచ్చేంత వరకే. చేర్పించేటప్పుడే బిల్లింగ్ కౌంటర్‌లో అడగండి. బిల్లులు, మందుల చీటీలు, ఎక్స్‌రేలు ఒక్కటీ పారేయవద్దు.

స్టేషన్‌లో ఏం రాసివ్వాలి

ప్రమాదం కేసు ట్రాఫిక్ స్టేషన్‌లో కాదు, ఆ స్థలం ఏ లా అండ్ ఆర్డర్ స్టేషన్ పరిధిలో ఉంటే అక్కడ నమోదవుతుంది. పరిధి మీద తకరారు వస్తే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పని లేకుండా నమోదు చేసే ఎఫ్ఐఆర్) అడగండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అజాగ్రత్తగా నడిపినందుకు న్యాయ సంహిత 281, గాయాలకు 125, ప్రాణం పోతే 106(1) సెక్షన్లు పడతాయి. వీటితో పాటు మోటారు వాహనాల చట్టం 196 కూడా చేర్చాలి. చేర్చమని మీరు అడగకపోతే చాలాసార్లు అది మిగిలిపోతుంది.

ఫిర్యాదు తెలుగులోనే రాయొచ్చు. ఇలా రాయండి:

"గౌరవనీయులైన స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి. నేను (పేరు, తండ్రి/భర్త పేరు, వయసు, చిరునామా, ఫోన్). తేదీ ____ నాడు ____ గంటలకు ____ నుంచి ____ వైపు నా బండి నం. ____ మీద వెళ్తుండగా, ____ దగ్గర, మెట్రో పిల్లర్ నం. ____ ఎదుట, నం. ____ గల బండిని దాని డ్రైవర్ అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి నన్ను గుద్దాడు. నాకు ____ గాయాలయ్యాయి. ____ ఆసుపత్రిలో చికిత్స జరిగింది. ____ గంటలకు 100కు ఫోన్ చేశాను. సదరు బండికి ప్రమాద సమయానికి ఇన్సూరెన్స్ గడువు ముగిసినట్లు తెలిసింది. పాలసీ ఉందని చూపిన పక్షంలో అది మొదలైన తేదీ, గంట పరిశీలించి, మోటారు వాహనాల చట్టం 196 సెక్షన్ కూడా చేర్చి, ఓనర్, డ్రైవర్ ఇద్దరి మీదా చర్య తీసుకోగలరని ప్రార్థన. ఫొటోలు, స్క్రీన్‌షాట్ జత చేశాను."

"అతివేగంగా, అజాగ్రత్తగా" అన్న మాటలు వదిలేయకండి. ఇన్సూరెన్స్ లేకపోవడం ఒక నేరం, నడిపిన తీరు ఇంకో నేరం. మీకు నష్టపరిహారం వచ్చేది రెండోదాని మీద. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద రిసెప్షన్‌లో స్టాంపు, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే డీసీపీ గారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లే దారిని 173(4) ఇచ్చింది.

గాయాలేమీ లేకుండా బండి మాత్రమే దెబ్బతింటే జీడీ ఎంట్రీ (స్టేషన్ జనరల్ డైరీలో రాసే నమోదు) కాపీ అయినా అడిగి తీసుకోండి. మీకు కాంప్రహెన్సివ్ పాలసీ (థర్డ్ పార్టీ, ఓన్ డ్యామేజ్ రెండూ కలిసినది) ఉంటే మీ ఓన్ డ్యామేజ్ నుంచే రిపేరు చేయించుకోవచ్చు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది, అది చూసుకుని నిర్ణయించుకోండి.

కేసు పడిన తర్వాత

2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక ట్రిబ్యునల్‌కు (ప్రమాద నష్టపరిహారం తేల్చే కోర్టుకు) ఇవ్వాలి. బండి ఇన్సూరెన్స్ ఉన్నదీ లేనిదీ తేల్చి రాయడం అందులో భాగం. పది రోజుల తర్వాత వెళ్లి "ఇన్సూరెన్స్ కాలమ్‌లో ఏం రాశారు సార్?" అని నేరుగా అడగండి. ఓనర్ పేరు, చిరునామా, బండి వివరాలు ఇవ్వమని అడిగే హక్కు నష్టపరిహారం కోరేవాళ్లకు మోటారు వాహనాల చట్టం 160వ సెక్షన్ ఇచ్చింది. కొద్దిపాటి ఫీజు ఉంటుంది.

మీరే స్వయంగా చూసుకోవాలంటే ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లో వీ-సేవ ఉంది. మీ వివరాలు, బండి నంబర్, ప్రమాదం తేదీ, స్థలం ఇస్తే ఆ రోజుకు పాలసీ ఉందా, ఏ కంపెనీది అన్నది చూపిస్తుంది. కొత్తగా తీసిన పాలసీలు అందులోకి చేరడానికి వారాలు పడుతుంది కనుక మొదటిసారి రాకపోతే కొన్నాళ్లాగి మళ్లీ చూడండి. అవతలివాళ్లు చూపిన పాలసీ మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి, లేదా కంపెనీ వెబ్‌సైట్‌లో పాలసీ నంబర్ కొట్టండి. నకిలీ పాలసీ అని తేలితే అది వేరే కేసు, దర్యాప్తు అధికారికి రాసివ్వండి.

ఇప్పుడు అందరూ పొరబడే చోటుకు వద్దాం. బండికి ఇన్సూరెన్స్ లేకపోవడం, డ్రైవర్‌కు లైసెన్స్ లేకపోవడం ఒకటి కాదు. లైసెన్స్ లేకపోయినా పాలసీ ఉంటే, సాధారణంగా కంపెనీ ముందు మీకు కట్టి తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెబుతాయి. పాలసీయే లేకపోతే కట్టేది ఓనర్, డ్రైవర్ మాత్రమే. అలాగే హిట్ అండ్ రన్ పథకం కింద ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50,000 వస్తాయి గానీ, అది గుద్దిన బండి ఏదో తెలియనప్పుడే. నంబర్ తెలిసి ఇన్సూరెన్స్ లేకపోతే ఈ పథకం వర్తించదు.

అందుకే ప్రమాదం కేసులో పోలీసులు స్టేషన్‌కు తెచ్చి పెట్టిన ఆ బండి మీద కన్నేసి ఉంచాలి. ఎంవీఐ తనిఖీ అయిపోగానే ఓనర్ మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేసి బండి విడిపించుకుంటాడు. ఇన్సూరెన్స్ లేని బండిని పూచీకత్తు లేకుండా విడవకూడదని, పూచీకత్తు పెట్టకపోతే వేలం వేసి ఆ డబ్బు ట్రిబ్యునల్‌లో జమ చేయాలని నిబంధనలు తేవాలంటూ 2018లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని ఆ కోర్టులోని అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను (ప్రభుత్వ లాయరును) కలిసి, బండికి ఇన్సూరెన్స్ లేదని, పూచీకత్తు లేకుండా ఇవ్వవద్దని రాతపూర్వకంగా కోరండి. ఈ పని మొదటి వారంలోనే జరగాలి. బండి బయటికి వెళ్లిపోయి అమ్ముడైతే మీ చేతిలో ఉన్న ఒకే ఒక ఆస్తి పోయినట్టే.

నష్టపరిహారం పిటిషన్ ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలని మోటారు వాహనాల చట్టం 166(3) చెబుతుంది. గడువు మీద కోర్టుల్లో వాదనలు నడుస్తున్నాయని విని ఆగవద్దు. హైదరాబాద్‌లో పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ప్రాంగణంలో ట్రిబ్యునల్ ఉంది. ప్రమాదం జరిగిన చోటే కాదు, మీరు ఉండే చోట, అవతలివాళ్లు ఉండే చోట కూడా వేయొచ్చు. ఆర్సీలో పేరున్న ఓనర్‌ను తప్పక పార్టీగా చేర్చండి. "నేను ఎప్పుడో అమ్మేశాను, పేరు మార్చుకోలేదంతే" అని అతడు అన్నా, ఆర్సీలో పేరున్నవాళ్లే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. నడిపిన మనిషినీ, మధ్యలో కొన్న మనిషినీ కూడా చేరిస్తే ఒకరి మీద ఒకరు తోసేసుకునే వీలుండదు.

తీర్పు వచ్చాక ఓనర్ కట్టకపోతే 174వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ నుంచి కలెక్టర్‌కు సర్టిఫికెట్ పంపించి భూమి శిస్తు బకాయిలా వసూలు చేయించొచ్చు. దానికి ఓనర్ ఆస్తుల వివరాలు కావాలి. కేసు నడుస్తుండగానే ఇల్లు, ప్లాటు, ఇంకో బండి ఏవి ఎవరి పేరు మీద ఉన్నాయో కనుక్కుని రాసి పెట్టుకోండి. అమ్మేసే ప్రయత్నం కనిపిస్తే తీర్పుకు ముందే జప్తు కోరుతూ పిటిషన్ వేయమని మీ లాయరుకు చెప్పండి.